తేదీ లేని కాగితం

పోలిరాజు రాజీనామా రాయడం ఇది రెండోసారి. మొదటిది ఉద్యోగంలో చేరిన రోజే రాశాడు.

నవ్వకండి. ఆ కాంట్రాక్టరు దగ్గర పద్ధతే అది. చేరే రోజున అయిదు కాగితాలు ముందు పెడతారు. నాలుగింటి మీద సంతకం చేస్తే చాలు. అయిదోది తెల్ల కాగితం. మేనేజరు చెబుతుంటే దాని మీద సొంత చేతిరాతతో రాయాలి: "నా సొంత కారణాల వల్ల నేటి నుంచి పనిలోకి రాలేను. నా రాజీనామా అంగీకరించగలరు." కింద సంతకం. తేదీ మాత్రం వేయకూడదు. "ఫార్మాలిటీ అంతే" అంటాడు మేనేజరు దేవీప్రసాద్. ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి, ఫైలుని బీరువాలో పెట్టి తాళం వేస్తాడు.

ఆ ఫార్మాలిటీ అంటే ఏమిటో పోలిరాజుకి కిందటేడు తెలిసింది. తన జట్టులోనే పనిచేసే దొరబాబుకి వేరే కంపెనీలో ఉద్యోగం దొరికింది. మర్యాదగా పొద్దున జట్టు పెద్దకి చెప్పాడు, నెల నోటీసు ఇచ్చి వెళ్తానన్నాడు. సాయంత్రానికి బీరువాలో కాగితం బయటికొచ్చింది. దాని మీద పది రోజుల వెనకటి తేదీ పడింది. దొరబాబు నోటీసు ఇవ్వకుండా పది రోజుల కిందటే మానేశాడని రికార్డు తయారైంది. గేటు పాసు ఆగిపోయింది. రిలీవింగ్ లెటరు అడిగితే, "పారిపోయినవాడికి లెటరేమిటి" అన్నారు. లెటరు లేదని కొత్త కంపెనీ వద్దంది. ఇప్పుడు ఆనందపురం జంక్షన్లో ఆటో తోలుతున్నాడు.

ఇప్పుడు పోలిరాజు వంతు.

రేవులోకి వచ్చే ఓడల్ని తాళ్లతో గట్టుకి కట్టడం అతని పని. తీరం వెంబడి కొంత దూరంలో ఉన్న ఇంకో రేవులో అదే పనికి మనుషుల్ని తీసుకుంటున్నారు. కాంట్రాక్టు కాదు, నేరుగా కంపెనీ ఉద్యోగం. పరీక్ష పెట్టారు, నెగ్గాడు. డిసెంబరు ఒకటిన చేరాలి. రెండే షరతులు: పాత చోట నెల రోజుల నోటీసు ఇచ్చి ఉండాలి, రిలీవింగ్ లెటరు తేవాలి. ఇవాళ నవంబరు ఒకటి. ఉత్తరం ఇవాళ సాయంత్రం అయిదు లోపల ఆఫీసులో అందినట్టు ముద్ర పడాలి. రేపు పడితే నెల నిండదు.

ఆ ఉత్తరం నిన్న సాయంత్రమే తయారైంది. రేవు గేటు ఎదురుగా గౌరీశ్వరికి జిరాక్స్ షాపు ఉంది. టైపింగ్ కూడా ఆవిడే చేస్తుంది. పోలిరాజు మూడు పేజీలు రాసుకుని వెళ్లాడు. చిరిగిన లైఫ్ జాకెట్ల సంగతి, సెలవివ్వని ఆదివారాల సంగతి, దొరబాబు సంగతి, అన్నీ రాశాడు. చివర మళ్లీ "తమరి పాదాలకు నమస్కరించి" అని ముగించాడు.

గౌరీశ్వరి కళ్లద్దాలు పైకి తోసుకుని మొత్తం చదివింది.

"రెండు పేజీలు తిట్టినావు. మూడో పేజీలో కాళ్లట్టుకున్నావు. ఏదో ఒకటి సెయ్యి తమ్ముడూ."

"రెండూ నిజవే కదక్కా."

"నిజవే. ఉన్న నిజాలన్నీ రాజీనామాలో రాత్తారేటి? కోపవుంటే యూనియనాఫీసుకెల్లి సెప్పు, కోర్టుకెల్లి సెప్పు. ఈ కాయితానికి నాలుగు ముక్కలు సాలు. మానేత్తన్నాను. పలానా తారీకు దాకా పన్జేత్తాను. నా పని అప్పజెప్పీసి ఎల్తాను. రిలీవింగ్ లెటరు ఇప్పించండి. ఇన్నాళ్లు పనిచ్చినందుకు థాంక్స్."

"థాంక్సా? ఆడికా?"

"ఆడికే. రేపెవుడు ఈ కాయితం సదివినా నీ కాడ తప్పన్నది అవుపడకూడదు. మర్యాదంటే అదీ. వొంగిపోడం అనుకున్నావేటి?"

ఆవిడ పదో తరగతి కూడా గట్టెక్కలేదు. పెద్ద చదువులు చదివినవాళ్లు పుస్తకాలకి పుస్తకాలు రాసి చెప్పే సంగతి నాలుగు ముక్కల్లో తేల్చేసింది. ఉత్తరం రెండు కాపీలు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టిచ్చింది.

"ఒకటి ఆళ్లకి. రెండోది నీకు. నీ దాని మీద ముద్దర పడాలి, తారీకు పడాలి. అవి పడకుండా కాయితం ఒగ్గీకు. పడీదాకా ఎవుడితోటీ అనకు. మీ మావతో కూడా."

సరిగ్గా అదే పోలిరాజు వల్ల కాని పని.

జాలారిపేటలో అతని వాళ్లందరిదీ చేపల వేట. వాళ్లలో పడవ మానేసేవాడికి ఒక కట్టుబాటు ఉంది. ముందు సరంగుకి చెప్పాలి, అంటే పడవ పెద్దకి. ఒడ్డు మీద కాదు, నీళ్ల మీద, పడవలో ఉండగా చెప్పాలి. ఆ తర్వాత సరంగే అతన్ని వెంటబెట్టుకెళ్లి యజమానికి చెబుతాడు. ముందే ఒడ్డున చెప్పుకు తిరిగినవాణ్ని ఇంకే పడవా ఎక్కించుకోదు. పోలిరాజు తాత అలాగే చెప్పాడు, తండ్రీ అలాగే చెప్పాడు. రేవులో తాళ్ల పడవ వేట పడవ కాకపోవచ్చు. కానీ దాని సరంగు సూరన్న. పోలిరాజు తల్లికి సొంత తమ్ముడు. చెయ్యి పట్టుకుని ఈ పనిలో పెట్టించినవాడు.

చిక్కేమిటంటే, దొరబాబు కూడా ముందు సూరన్నకే చెప్పాడు. పొద్దున పడవలో చెప్పాడు. సాయంత్రానికి కాగితం మీద తేదీ పడింది. ఆ మధ్యలో ఆఫీసుకి ఎవరు చెప్పారో జట్టులో ఎవరూ అడగలేదు. అడక్కుండానే అందరికీ తెలుసు.

చెబితే దొరబాబు గతి. చెప్పకపోతే మావ మొహం మళ్లీ చూడలేడు. నిన్న రాత్రి అన్నం ముందు కూచుని ముద్ద పిసికి పిసికి వదిలేశాడు.

*

తెల్లారి ఆరింటికి షిఫ్టు. ఆకాశం మబ్బుగా ఉంది. ఎనిమిదింటికి బొగ్గు ఓడ ఒకటి లోపలికొచ్చింది.

ఓడ మీంచి తాడు దించుతారు. మనిషి తొడంత లావు తాడు. పడవలో వాళ్లు దాన్ని అందుకుని గట్టు దగ్గరికి తెస్తారు. గట్టు మీద వాళ్లు అందుకుని ఇనుప గూటానికి తగిలిస్తారు. ఈ పనిలో ఒక్కటే చట్టం. తాడు ఇచ్చేవాడు, తీసుకునేవాడు "పట్టాన్" అని అరిచేదాకా వదలకూడదు. చేతులు అంటుకున్నట్టు కనిపించినా వదలకూడదు. మాట వినబడాలి. ఒకప్పుడు ఎవడో మాట వినకుండా వదిలేశాడు. తాడు కొరడాలాగ లేచింది. సూరన్న ఎడమ చేతికి రెండు వేళ్లు లేనిది అందుకే.

ఆ రోజు పడవ కొసన పోలిరాజు, గట్టు మీద మనిషి తక్కువవడంతో మెట్టు మీద సూరన్న. పోలిరాజు తాడందించాడు.

"పట్టాన్" అన్నాడు సూరన్న.

పోలిరాజు వదిలాడు. జేబులో ప్లాస్టిక్ కవరు చెమటకి ఛాతీకి అంటుకుపోయింది.

పని అయ్యాక సూరన్న పడవలోకి దిగి చుట్ట వెలిగించాడు. మిగతావాళ్లు టీకి గట్టెక్కారు. ఇద్దరే మిగిలారు. ఇప్పుడు చెప్పకపోతే ఇంక చెప్పలేడు.

"మావా. నాను మానేత్తన్నాను."

సూరన్న చుట్ట నోట్లోంచి తీయలేదు. "ఎక్కడికి?"

"కొత్త రేవుకి. ఇదే పని. కాంట్రాక్టు కాదు, కంపెనీయే తీసుకుంటంది."

"కాయితం రాసినావా?"

"రాసినాను. ఇంకా ఇవ్వనేదు. ముందు నీకే సెప్తన్నాను."

సూరన్న నీళ్ల మీద తేలే నూనె తెట్టులోకి చుట్ట బూడిద రాల్చాడు. 

"ఆపీసుకి ఎన్ని గంటలకెల్తావు?"

"షిఫ్టు దిగీసి, రెండున్నరకి."

"సరే." చుట్ట నీళ్లలో పారేసి గట్టెక్కాడు. పాతిక అడుగులు నడిచి, క్రేను వెనక ఆగి, ఫోను తీశాడు. ఇటు వీపు పెట్టి మాట్లాడాడు. ఎవరితోనో పోలిరాజుకి వినబడలేదు. సూరన్న తలాడించడం మాత్రం కనిపించింది. అవున్సార్ అన్నట్టు, రెండుసార్లు.

పోలిరాజు పడవ అంచు మీద కూలబడ్డాడు. గౌరీశ్వరి మాట వినాల్సింది. ఒక్క పూట నోరు కట్టుకోలేకపోయాడు. తాతల కట్టుబాటట. తాతల బీరువాల్లో తేదీ లేని కాగితాలు ఉన్నాయా?

అప్పట్నించి రెండింటి దాకా అతను చేసిన పని చేతులు చేశాయంతే. ఫోను మోగితే ఉలిక్కిపడ్డాడు. భార్య, పెరుగు తెమ్మని. ఆఫీసు జీపు గట్టు మీదికి వస్తే తనకోసమే అనుకున్నాడు. అది డీజిల్ కోసం వచ్చింది.

రెండింటికి గేటు దగ్గర వరసలో నిలబడ్డాడు. బయటికెళ్లేటప్పుడు కూడా పాసు మిషనుకి చూపించాలి. పాసు ఆపేసి ఉంటే ఎర్ర దీపం వెలుగుతుంది. దొరబాబుకి అక్కడే తెలిసింది, అందరి ముందూ. పోలిరాజు పాసు పెట్టాడు. మిషను ఆలోచించింది. మామూలుగా ఇంతసేపు పట్టదు. వెనక ఎవడో "కదలవేటి బావా, ఫొటో దిగతన్నావా" అన్నాడు.

ఆకుపచ్చ వెలిగింది. ఇంకా బతికే ఉన్నాడు.

*

కాంట్రాక్టరు ఆఫీసు గేటు బయట మేడ మీద ఉంది. మెట్ల దగ్గర బోర్డు: నీలవేల పోర్ట్ సర్వీసెస్. మూడేళ్ల కిందట ఆ చోటే వరుణకేతు అని ఉండేది. దానికి మూడేళ్ల ముందు సముద్రతేజ అని ఉండేది. మేడ అదే, బల్ల అదే, దేవీప్రసాదూ అతనే. మూడేళ్లకోసారి కంపెనీ పేరూ, మనుషుల చొక్కాల రంగూ మార్చేస్తారు. పాత కంపెనీలో నీ పని అయిపోయిందని ఒక కాగితం ఇస్తారు, మర్నాడు కొత్త కంపెనీలో కొత్తగా చేరినట్టు రాసుకుంటారు. ఎందుకంటే ఒకే చోట ఏళ్లకేళ్లు చేశాడని తేలితే పర్మనెంటు చెయ్యమని కోర్టుకెక్కుతాడు కదా. అందుకని పోలిరాజు తొమ్మిదేళ్లు పనిచేసినా, కాగితాల్లో మూడేళ్ల మనిషే.

లోపల అనూరాధ కూచుని ఉంది. వచ్చిన ఉత్తరాలు తీసుకుని ముద్ర వేయడం ఆమె పని. ముద్ర ఆమె మోచేతి దగ్గరే ఉంది.

"మేడమ్, ఈ కాయితం..."

"సార్ మిమ్మల్ని నేరుగా లోపలికి రమ్మన్నారు." అతని మొహం చూసి గొంతు తగ్గించింది. "పొద్దుటి నుంచి రెండుసార్లు అడిగారు."

అయితే తెలిసిపోయింది.

లోపల బల్ల మీద పోలిరాజు ఫైలు సిద్ధంగా ఉంది. దేవీప్రసాద్ నవ్వుతున్నాడు. "రా పోలిరాజూ. సూరన్న ఫోన్ చేశాడు. వెళ్లిపోతావట?"

"అవున్సార్. నెల నోటీసు సార్. ముప్పయ్యో తారీకు దాకా పన్జేత్తాను. నా పని ఎవరికి అప్పజెప్పమంటే ఆళ్లకి అప్పజెప్పీసి ఎల్తాను. ఇన్నాళ్లు పనిచ్చినందుకు థాంక్స్ సార్." బట్టీ పట్టిన ముక్కలు వరసలో వచ్చేశాయి. ఉత్తరం ముందుకి చాపాడు.

దేవీప్రసాద్ ఒక కొస పట్టుకుని లాగాడు. కాగితం రాలేదు. రెండో కొస పోలిరాజు వేళ్ల మధ్య ఉంది.

"వదులు."

"ముద్దర ఏయించండి సార్. ఒగ్గీత్తాను."

"ఏంటయ్యా ఇది, వదులు."

"తప్పుగా అనుకోకండి సార్. రెండో కాపీ మీద ముద్దర పడితే ఒగ్గీత్తాను."

పెద్ద ధైర్యం ఏమీ కాదు. తొమ్మిదేళ్ల అలవాటు, అంతే. అవతలివాడు పట్టానని చెప్పనిదే ఆ వేళ్లు విడవవు.

దేవీప్రసాదే వదిలేశాడు. ఫైలు తెరిచి, అట్టడుగు నుంచి ఒక తెల్ల కాగితం లాగి బల్ల మీద పెట్టాడు. అంచులు పసుపెక్కాయి. పోలిరాజు తన చేతిరాత గుర్తుపట్టాడు. పాతికేళ్ల కుర్రాడి రాత, గుండ్రంగా, భయంభయంగా.

"దీని మీద తేదీ వేయడానికి అర నిమిషం పట్టదు నాకు" అన్నాడు దేవీప్రసాద్, ఇంకా నవ్వుతూనే. "అక్టోబరు ఇరవై అని వేస్తా. లెటరుండదు, పాసుండదు, కొత్త ఉద్యోగమూ ఉండదు. అదంతా ఎందుకు? ఆ కాగితం జేబులో పెట్టుకో. రేపు షిఫ్టుకి రా. అసలేమీ జరగలేదనుకుందాం. ఇవాళ నీకిస్తే రేపు పదిమంది వస్తారు. నా ఇబ్బంది కూడా అర్థం చేసుకో."

గోడ గడియారం మూడు చూపిస్తోంది. రేపు షిఫ్టుకి రావడం ఎంత తేలిక. ఆకుపచ్చ దీపం, తాడు, టీ. జేబులో పెట్టుకుంటే చాలు.

వెనక తలుపు చప్పుడైంది. సూరన్న. లైఫ్ జాకెట్ కూడా విప్పలేదు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చి, పోలిరాజు పక్కన నిలబడ్డాడు.

"సరిగ్గా వచ్చావ్ సూరన్నా" అన్నాడు దేవీప్రసాద్. "సాక్షి సంతకం కావాలి. దొరబాబుకి పెట్టావే, అలాంటిదే. మీ వాడు ఇరవయ్యో తారీకు నుంచి రావడం లేదని."

పోలిరాజు మావ వైపు చూడలేకపోయాడు. నేల చూశాడు.

"పొద్దున్న ఆడి సేతిలోంచి తాడందుకున్నాను సార్" అన్నాడు సూరన్న. "పట్టానని నానే అరిసినాను. రానోడి సేతిలోంచి ఎలాగందుకుంటాను?"

"అప్పుడు పెట్టావుగా?"

"పెట్టినాను. యజమానికి సెప్పడం సరంగు పని. అప్పుడూ సెప్పినాను, ఇప్పుడూ సెప్పినాను. సెప్పీసి పక్కన నిలబడాల. అప్పుడు నిలబడనేదు. పోను సేసీసి ఇంటికెల్లిపోయినాను. పైగా సంతకవెట్టినాను. దొరబాబు నాకేసి సూడ్డు సార్ ఇప్పుడు." ఎడమ చెయ్యి మూడు వేళ్లతో జాకెట్ కట్టు సవరించుకున్నాడు. "సంతకం పెట్టను సార్."

"నీ సంతకం లేకపోతే ఆగిపోతుందా?" దేవీప్రసాద్ కలం మూత తీశాడు.

కలం తేదీ చోటుకి దిగుతోంది. పోలిరాజు ఆ కలాన్నే చూస్తున్నాడు. దానికి రెండంగుళాల పైన తన రాత తలకిందులుగా కనిపించింది. మొదటి వరస. సముద్రతేజ మెరైన్స్ మేనేజరు గారికి.

సముద్రతేజ. నీలం చొక్కా.

రెండుసార్లు కంపెనీ మార్చారు. అన్ని కాగితాలూ మార్చారు. ఇదొక్కటీ మళ్లీ రాయించుకోవడం మర్చిపోయారు. పదిమంది చేత కూచోబెట్టి రాయించాలి కదా, బద్ధకం. ఉన్నది చాల్లే అనుకున్నారు. దొరబాబుకి చూపించనైనా లేదు, ఉందని చెప్పారంతే.

"సార్" అన్నాడు పోలిరాజు. "అది సముద్రతేజకి రాసింది సార్."

"అయితే?"

"సముద్రతేజలో నా పని అయిపోనాదని ఆరేళ్ల కిందట మీరే కాయితవిచ్చినారు సార్. ఇంట్లో ఉంది. లేని కంపెనీకి నాను మొన్న అక్టోబర్లో రాజీనామా ఎలాగిత్తాను?"

కలం ఆగింది.

"కాదు, మూడు కంపెనీలూ ఒకటేనంటే ఇబ్బంది నేదు సార్. తారీకేసీండి. సముద్రతేజ, వరుణకేతు, నీలవేల ఒకటేనని మీరే ఒప్పుకున్నట్టవుద్ది. తొమ్మిదేళ్లూ ఒక్క సోటే సేసినట్టు నాను సూపించుకుంటాను."

బెదిరించాలని అనలేదు. నిజంగా అడిగాడు. మర్యాదగానే అడిగాడు. గౌరీశ్వరి చెప్పినట్టు తప్పు తన దగ్గర కనిపించకూడదు కదా. కానీ ఆ మాట ఆ గదిలో ఎక్కడ పడాలో అక్కడ పడింది. మూడు రంగుల చొక్కాలు కుట్టించింది ఏ మాట బయటికి రాకూడదనో, సరిగ్గా ఆ మాట.

దేవీప్రసాద్ పసుపు కాగితం మొదటి వరస మళ్లీ చదువుకున్నాడు. కలం మూత పెట్టాడు. కాగితాన్ని ఫైల్లోకి తోశాడు. మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో తెలీదు.

"అనూరాధా. ఇతని లెటరు తీసుకో."

బయట బల్ల దగ్గర అనూరాధ ముద్ర కొట్టింది. సిరా ఆరిపోయి ఉంది. కాగితం మీద మసక గీత ఒకటి పడిందంతే. లోపల్నుంచి పిలుపు వస్తే ఇంతే సంగతి. ఆమె డబ్బా మూత తీసి, ముద్రని అద్ది, రెండు చేతులతో నొక్కింది. ఈసారి పడింది. కంపెనీ పేరు, తేదీ. పక్కన సంతకం చేసి, పోలిరాజు కాపీ అతని ముందుకి జరిపి, రెండోదాని కొస పట్టుకుంది. అతను ఇంకా దాన్ని వదల్లేదు.

"తీసుకున్నాను" అంది. "వదలండి."

అప్పుడు వదిలాడు.

*

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక పోలిరాజు కాపీని మళ్లీ చూసుకున్నాడు. ముద్రే పడింది. రిలీవింగ్ లెటరు పడలేదు. ఇంకా ముప్పై రోజులున్నాయి. ఆ ముప్పై రోజులూ పొద్దున్నే ఆ మిషను ముందు నిలబడి ఆకుపచ్చ కోసం చూడాలి. ఒక్క పూట ఆలస్యం కాకూడదు, ఒక్క మాట తూలకూడదు. దేవీప్రసాద్ ఊరుకునే రకం కాదు.

సూరన్న చెప్పులు ఈడ్చుకుంటూ పక్కనే నడుస్తున్నాడు.

"పోలీ."

"ఏటి మావా."

"నువ్వు సేరినప్పుడు రాసినట్టే నానూ రాసినాను. ఇరవై రెండేళ్లయిపోనాది. అప్పుటికి సముద్రతేజ పుట్టనేదు. ఇంకేదో పేరు." గుర్తు చేసుకోవడానికి ఆగాడు. గుర్తు రాలేదు. "జట్టులో పద్నాలుగు మందిమి. అందరివీ పాత కంపెనీల పేర్ల మీదే ఆ బీరువాలో ఉంటాయి కదా. ఏళ్లకేళ్లు ఒక్క సోటే సేసినట్టు అయ్యే సెప్తాయి కదా."

"ఉంటాయి మావా."

సూరన్న రోడ్డవతల జిరాక్స్ షాపు వైపు చూశాడు. గౌరీశ్వరి బల్ల తుడుచుకుంటోంది.

"ఆవిడ కొట్టు ఎన్ని గంటల దాకా ఉంటాది?" అన్నాడు.